ఎమ్మెల్యే గారికి నేనిచ్చుకున్న అర్జీ

మొన్న టీవీలో కొత్త ఎమ్మెల్యేలు ప్రమాణం చేస్తుంటే పైన గ్యాలరీలో వాళ్ళ భార్యలు పట్టుచీరలు కట్టుకుని వరసగా కూర్చుని కనిపించారు. ఈ రోజుల్లో ఆడవాళ్ళని కూడా తీసికెడుతున్నారన్నమాట అని పైకే అనేసరికి మా మనవరాలు పగలబడి నవ్వింది. దానికేం తెలుసు? తొంభై దాటిన ఈ ముసలిది ఒకప్పుడు ఎమ్మెల్యే గారి భార్య అని గోడమీది ఫొటో చూసి తెలుసుకుంది గాని, ఆయన సభలో కూర్చోగా నేను ఒక్కసారైనా చూడలేదని ఎవరు చెబుతారు?

మా పెళ్ళి స్వాతంత్ర్యం రాకముందే అయింది, కాపురానికి వచ్చింది మాత్రం ఆ తరువాతే. రాజోలు దగ్గర కాలవ గట్టు మీది ఊరు మాది. అప్పట్లో ఆయనకి వరిచేలు, కొబ్బరితోట, ఊళ్ళోని చిన్న గ్రంథాలయం, ఇవే లోకం. సాయంత్రం పేపరు పట్టుకొచ్చి వంటింటి గడప మీద కూర్చుని నాకు చదివి వినిపించేవారు. తనకీ అర్థం కాని సంగతి వస్తే గొంతు పెంచి గబగబా చదివేసేవారు, నేను నవ్వు ఆపుకునేదాన్ని. నా బతుకులో అంత సుఖపడిన రోజులు మళ్ళీ రాలేదు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ఎవరో నిలబడమన్నారు, ఈయన నిలబడ్డారు, గెలిచారు కూడా. ఆనాటి నుంచి మా వీధి అరుగు మాది కాకుండా పోయింది. శాసనసభ ముందు మద్రాసులో, ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కర్నూలులో. గోదావరి రేవు దాటి నరసాపురంలో రైలెక్కారంటే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలిసేది కాదు, వచ్చిన రోజునేమో ఆయన కంటే ముందే జనం వచ్చి కూర్చునేవారు. పట్టాలు కావాలని కొందరు, మురుగు కాలవ పూడిపోయి చేలు మునుగుతున్నాయని కొందరు, అంతర్వేది నుంచి పడవలవాళ్ళు, అందరికీ కాఫీలు, ఉప్మాలు చేసి పంపడంతోనే నాకు పొద్దు గడిచిపోయేది. ఎమ్మెల్యే గారి భార్యవి, నీకేం లోటే అని మా అక్క ఎప్పుడూ అంటూ ఉండేది. నా లోటేమిటో చెప్పుకుందామంటే ఆ ఎమ్మెల్యే గారు దొరికితేగా!

కర్నూలులో చోటు చాలక చాలామంది డేరాల్లో ఉంటున్నారని విన్నాను. డేరా అయితేనేం, ఒక్కసారి సమావేశాలు జరిగినన్నాళ్ళు నన్నూ తీసికెళ్ళమని అడగాలని నా కోరిక. ఆయన సభ నుంచి వచ్చేసరికి ఇంత వండి పెట్టి, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి, అంతే. భోజనాల దగ్గర అడుగుదామంటే ఆయన పక్కన ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు విస్తళ్ళ ముందు ఉండేవారు. ఒకసారి పొద్దున వచ్చి మధ్యాహ్నానికే మళ్ళీ ప్రయాణమన్నారు. నాకు దుఃఖమూ, ఒళ్ళుమంటా కలిసి వచ్చాయి. చేతులు తుడుచుకుని, ముసుగు సర్దుకుని, మా ఇంటి ఆడవాళ్ళెవరూ అడుగుపెట్టని వీధి అరుగు మీదికి వెళ్ళి, అర్జీలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ వరసలో చివరన కూర్చున్నాను. మా అత్తగారు తలుపు చాటున నుంచుని బుగ్గలు నొక్కుకున్నారు.

నా ముందున్న ముసలాయన మురుగు కాలవ గోడు వెళ్ళబోసుకుని పక్కకి జరిగాడు. మావారు తల వంచుకుని అదే రాసుకుంటున్నారు. నేను ముందుకి జరిగాను. ఎలాగో, "నన్ను కర్నూలు తీసికెళ్ళాలండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి, చూద్దాం. తమరి పేరు చెప్పండమ్మా" అన్నారు ఆయన, తల ఎత్తకుండానే.

అరుగు మీదివాళ్ళంతా నా వంక తిరిగారు. అప్పుడు ఆయన తల ఎత్తి చూశారు. పాపం, ఆయన ముఖం పాలిపోయింది. కాలవ ముసలాయనే తేరుకుని, "ముందు అమ్మగారి పని చూడండి బాబూ, మా కాలవెక్కడికీ పోదు" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు, నేను కూడా నవ్వి లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

బయలుదేరే ముందు వంటింటి గుమ్మం దాకా వచ్చి, వచ్చే సమావేశాలకి తప్పకుండా తీసికెడతానన్నారు. ఆ మాట, ఆ గొంతు, కిటికీలోంచి ఎంతమందికి చెబుతుంటే వినలేదు! అయినా నమ్మాను. నరసాపురం నుంచి కిరసనాయిలు స్టవ్వు తెప్పించుకున్నాను, ట్రంకుపెట్టె ఎండబెట్టుకున్నాను. ఆ సమావేశాలు రాకముందే ప్రభుత్వం పడిపోయింది, మళ్ళీ ఎన్నికలు వచ్చాయి, ఆయన ఓడిపోయారు.

ఓడినందుకు లోలోపల కాస్త సంతోషించానంటే మీరు నన్నేమీ అనుకోరనుకుంటాను. ఇక మనిషి ఇంట్లోనే ఉంటారు కదా! ఉన్నారు. రోజల్లా అదే అరుగు మీద, రేవు నుంచి వచ్చే బాటకేసి చూస్తూ ఉండేవారు. పేపరు వచ్చేది గాని నాకు చదివి వినిపించడం ఆయనకి జ్ఞాపకం లేదు, చదవమని అడగడానికి నాకు నోరు రాలేదు. కాఫీ తీసుకెళ్ళి ఎదురుగా కూర్చుంటే, "ఎవరైనా వచ్చేరా?" అని అడిగేవారు. "ఎవరూ రాలేదండి" అనేదాన్ని. ఆయన పోయేవరకూ మా ఇద్దరి మధ్యా ఎక్కువగా నడిచిన మాట అదే.

ఇప్పుడు గోదావరి పాయల మీద వంతెనలు పడ్డాయి, పని ఉన్నవాళ్ళు ఫోనుల్లోనే మాట్లాడుకుంటున్నారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగూ పోయింది. మంచిదే, జనానికి సుఖంగా ఉంది. ఆ రోజుల్లో మాత్రం ఒక్క మనిషిని ఊళ్ళకి ఊళ్ళు పంచుకునేవి. ఆ పంపకంలో నా వాటాకి ఏమీ మిగల్లేదని నేను ఆయనతో అనలేదు, పిల్లలతోనూ అనలేదు. మీలో నా ఈడువాళ్ళు ఎవరైనా ఉంటారు గనక మీతో అంటున్నాను.