కూయని కీచురాళ్లు

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీల్లో ముప్పై ఏళ్లు మందు పెట్టి బండలు పేల్చినవాణ్ణి. కొండల్లో దెయ్యాలే ఉంటే ఆ చప్పుడుకి అవే ముందు పారిపోయేవి.

నాకు కోతలు కోసే అలవాటుంది. ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి కోత ఎక్కడుందో నేనే చెప్పేస్తాను.

మా కొండ నడుముకి ఒక గుహ ఉండేది. వంగి దూరాలి. పదడుగులు వెళ్తే చెమ్మ, ఇంకాస్త వెళ్తే చీకటి. ఆ చీకట్లో తెల్లటి కీచురాళ్లు తిరిగేవి. వాటికి కళ్లు లేవు. రెక్కలు లేవు కాబట్టి కూయవు. ఒంటికి మూడింతలు పొడుగున్న మీసాలతో రాయిని తడుముకుంటూ నడిచేవి.

పురుగుల మీద పరిశోధన చేసే మేడం ఒకావిడ విశాఖపట్నం నుంచి వచ్చింది. గుహ చూపించింది నేనే. ఆమె నాలుగు పురుగుల్ని చిన్న సీసాల్లోకి తీసుకుంది. ఇవి ఇంకెక్కడా ఉన్నట్టు తను చదవలేదట. గుహ ఉందని ఊరు చెబితే క్వారీ అటు రాకుండా ఆపొచ్చంది. లేకపోతే ఈ జాతే మిగలదంది.

ఆ సాయంత్రం టీకొట్లో నేను ఊరుకోలేదు. అరచెయ్యంత కీచురాయి నా మెడ మీదకి ఎక్కిందన్నాను. మేడం నవ్వి సీసా బయటికి తీసింది. "ఇంతే ఉంటుంది కదా తాతగారూ" అని చిటికెన వేలి గోరు పక్కన పెట్టి చూపించింది.

నాకు వరసకి అల్లుడొకడు అందుకున్నాడు. "ఏటి మావా, గోరంత పురుగుని గంపంత సేసీసినావు! ఇంకో టీ తాగితే ఏనుగుని సేసీగలవు!"

ఆ వారమంతా నా పేరు గంప మావ. చెప్పులు కుట్టించుకోడానికి వెళ్తే అక్కడ కూడా అదే పేరు. నాకు మండిపోయింది.

మా కొండ మీద క్వారీకి అనుమతివ్వాలా వద్దా అని గ్రామసభ పెట్టారు. కొండలో గుహ ఉందా అని అధికారులు అడిగారు. ఊరంతా నా వైపు చూసింది, మేడం కూడా. నేను లేచాను. "గుహా లేదు, బొక్కా లేదు బాబూ. ఎండకి రాయి నెర్రిచ్చింది, అంతే" అన్నాను. మేడం ఫొటోలు చూపించింది. "అవి ఏ కొండవో ఎవుడికి తెలుసు?" అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. దాచడమెందుకు, ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

ఆ గుహ పేల్చడానికి క్వారీ యజమాని నన్నే పిలిచాడు. మా పనిలో పాతవాళ్ల పద్ధతి ఒకటుంది. మందు పెట్టేచోట బొరియ కనిపిస్తే దాని మూతి మీద గునపంతో మూడుసార్లు కొట్టాలి. "నెగండి, ఎల్లిపోండి" అనాలి. ఒక చుట్ట కాలేంతసేపు ఆగాలి. లోపలున్న పామైనా ఉడుమైనా బయటికి పోతుందని. నేను ఏనాడూ మానలేదు. ఆ రోజు మానేశాను. లేదన్న గుహ మూతి మీద, అందరూ చూస్తుండగా, గునపంతో ఎలా కొట్టను?

మందు అంటించాను. దుమ్ము దిగాక చూస్తే గుహ లేదు. నేను సభలో చెప్పిన మాటే నిజమైపోయింది.

తర్వాత జరిగిందని టీకొట్లో నేను చెప్పింది వేరు. వేల కీచురాళ్లు యజమాని ఇంటి మీద పడ్డాయని, ఆయన లుంగీతో పలాస దాకా పరిగెత్తాడని చెప్పాను. అదంతా కోత. ఆయనకేమీ కాలేదు. మొన్న ఒక పెళ్లిలో రొయ్యల వేపుడు రెండుసార్లు వేయించుకున్నాడు. కీచురాళ్లు వచ్చింది నా దగ్గరికి.

గుహ పేల్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం నౌపడలో మా అమ్మాయి ఇంట్లో భోజనం చేస్తున్నాను. చుట్టూ ఉప్పుమళ్లు, కొండ జాడ లేదు. ఎదురుగోడ మీద ఎండ ఫెళ్లున పడుతోంది. ఆ ఎండలో మూడు తెల్లటి కీచురాళ్లు. మీసాలన్నీ నా వైపే ఉన్నాయి. నేను పక్కకి జరిగితే అవీ అటే తిరిగాయి.

"ఏటయ్యా, ముద్ద సేతిలో ఎట్టుకుని గోడకేసి సూత్తన్నావు?" అంది మా ఆవిడ. చూపించాను. తనూ చూసింది, చీపురుకి వెళ్లింది. ఈలోగా ఒకదాన్ని ఖాళీ మాత్రల సీసాలో పట్టాను. మిగతా రెండూ ఎటు పోయాయో కనబడలేదు.

ఆ తర్వాత కంచిలిలో చుట్టాలింట్లో, నా కంచం అంచున. ఓసారి రైల్లో, నా చొక్కా మీద. మొత్తం ఆరుసార్లు. అరవై అని చెప్పి ఉంటాను, ఆరే.

సీసా మేడంకి పట్టుకెళ్లాను. ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవే తాతగారూ! బతికున్నాయి. ఇంకో గుహ ఉందన్నమాట. ఎక్కడ?"

"నౌపడలో, గోడ మీద" అన్నాను.

ఆమె సీసా బల్ల మీద పెట్టింది. "ఇవి ఎండలో అరగంట కూడా బతకవు. మీకు నా మీద కోపం ఇంకా పోలేదా?"

నిజమేనని మా ఆవిడ మీద ఒట్టేశాను. "సభలో కూడా ఇంత గట్టిగానే చెప్పారు కదా" అంది మేడం.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. తిట్టదు. ఆ చోటు ఎక్కడో చెప్పమని బతిమాలుతుంది. నిన్న ఆమె మాట్లాడుతుండగా ఒకటి ఫోన్ పట్టుకున్న నా మణికట్టు మీదే ఉంది, మీసాలు నా ముఖం దాకా చాపి. ఆ మాట ఆమెకి చెప్పలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.