గోడకీ చెక్కకీ మధ్య ఖాళీ

మా ఇంట్లో చెక్క నేల వేసిన వడ్రంగి మేస్త్రీ మొన్న శుక్రవారం పోయారు. గుంటూరు ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "టీచరమ్మా, నాన్న లేరండి" అంది.

పోయినవాళ్ళు అందర్నీ క్షమించి వెళ్ళారని రాయడం మర్యాద. ఈయన క్షమించలేదు. అది దాచి రాస్తే నన్నూ క్షమించరు.

సత్తెనపల్లిలో నేను పిల్లలకు నాట్యం నేర్పుతాను. గ్రానైట్ మీద అడుగులు వేసి వేసి వాళ్ళ మడమలు వాచేవి. చెక్క నేల వేయిద్దామని ఆయన్ని వెతుక్కుంటూ వెళితే, రెండేళ్ళుగా తనకెవరూ పని ఇవ్వడం లేదన్నారు. కారణం ఆయనే చెప్పారు.

మా ఊరి మిర్చి వ్యాపారి కొత్తింట్లో ఒక కాంట్రాక్టర్ కింద అలాంటి నేలే వేశారట. పలకలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. కింద పల్చటి ఫోమ్ షీటు. మేకు లేదు, జిగురు లేదు. "గోడ వెంబడి బొటనవేలంత ఖాళీ వదలాలి సార్. వానల్లో చెక్క ఉబ్బుద్ది. ఖాళీ కనపడకుండా పైన పట్టీ వేద్దాం" అన్నారట ఈయన. "నువ్వు నాకు చెప్పేదేంటి? గోడకి ఆనించి కొట్టు" అన్నాడట కాంట్రాక్టర్. కొట్టారు. వానలు పడ్డాక హాలు మధ్యలో నేల చచ్చిన గేదె పొట్టలా లేచింది. ఇంటినిండా చుట్టాలుండగా, "ఈ సాయిబుకి పని రాదండీ" అని కాంట్రాక్టర్ ఆయన పనిముట్ల సంచి వీధిలోకి విసిరేశాడు. కలప అడితీలన్నిటికీ అదే చెప్పాడు.

"ఆ రోజు నేను నోరు తెరవలేదమ్మా. నా మాట ఎవరు నమ్ముతారు? చెక్క చెప్తే నమ్ముతారు" అన్నారు మేస్త్రీ.

మే నెల ఎండల్లో మా గదిలో పని మొదలైంది. పలకల పెట్టెల్ని రెండు రోజులు ఊరికే ఉంచి, "మీ ఇంటి గాలి దానికి అలవాటు పడాలి" అన్నారు. బుగ్గన లవంగం పెట్టుకుని, ప్రతి పలకనీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవారు. గోడ పక్క ఖాళీలో బొటనవేలు పెట్టి నాకు చూపించారు.

వెళ్ళేటప్పుడు ఒకటే అడిగారు. "వానలు ముదిరాక పిల్లలతో ఆడించండి. ఆ వ్యాపారినీ కాంట్రాక్టర్నీ పిలవండి."

వ్యాపారి మనవరాలు నా దగ్గరే నేర్చుకునేది. కాంట్రాక్టర్ అప్పటికి ఆ వ్యాపారికే గోడౌను కడుతున్నాడు. ఇద్దరూ వచ్చారు. వారం రోజుల ముసురులో కూడా నేల ఎక్కడా లేవలేదు. పిల్లల ఆట అయ్యాక మేస్త్రీ లోపలికి వచ్చి, గోడ పక్క పట్టీ ఊడదీశారు.

"ఎండాకాలం ఇందులో నా బొటనవేలు పట్టింది. టీచరమ్మ చూశారు. ఇప్పుడు చిటికెనవేలే పడుతోంది. మీ ఇంట్లో చెక్కకి జరగడానికి చోటు లేక పైకి లేచింది."

వ్యాపారి కాంట్రాక్టర్ వైపు తిరిగాడు. "ఈ సంగతి నీకు చెప్పాడా?"

"ఏదో అన్నట్టున్నాడండి."

తన ఇంటి నేల మళ్ళీ వేసిపెట్టమని వ్యాపారి అడిగాడు. "వేస్తాను. కొలత మాత్రం ఈ కాంట్రాక్టర్ గారే పట్టాలి. ఆ రోజు చూసిన చుట్టాలందర్నీ పిలవండి" అన్నారు మేస్త్రీ. గోడౌను పని పోతుందన్న భయంతో కాంట్రాక్టర్ ఒప్పుకున్నాడు.

"ఇంక కోపం తీరిందా?" అని అడిగాను.

"కోపం ఉంటేనే కొలత తప్పదమ్మా" అన్నారు.

కొలతల రోజు నేనూ వెళ్ళాను. చుట్టాలు గోడల వెంట నిలబడి చూస్తున్నారు. కాంట్రాక్టర్ మోకాళ్ళ మీద పాకుతూ, టేపు పట్టుకుని, ఒక్కో కొలతా పైకి చదివాడు. మేస్త్రీ ప్రతిదీ రెండోసారి చదివించారు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి కాంట్రాక్టర్ నుదుటి మీంచి ఒక చెమటచుక్క కొత్త పలక మీద పడింది. మేస్త్రీ వంగి, అతని ముఖం వైపు చూడకుండా, భుజం మీది తువ్వాలుతో ఆ పలకను మెత్తగా తుడిచారు.