మూత

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గోవర్ధన్ ఏ పొట్లం చేతికందినా వెనక్కి తిప్పి, కళ్లద్దాలు నుదుటికెత్తి బ్యాచ్ నంబరు చదువుతాడు. పెళ్లిపంక్తిలో నీళ్లసీసాను కూడా వదలడు. ఉరవకొండలో పిల్లలకు వాంతులవుతున్నాయని, ఫలానా బ్యాచ్ చిక్కీలు అంగళ్ల నుంచి వెంటనే వెనక్కి తెమ్మని ఆరోజు పదిగంటలకు ఫోనొచ్చింది. అతడు ముందు ఇంటికి ఫోన్ చేశాడు. భార్యతో పొట్లాలన్నీ వెతికించి, నంబర్లు చదివించి, పారేయించాకే జీపెక్కాడు. అరగంట పోయింది.

బెళుగుప్ప బడి ఎదుట ఓబుళమ్మ అంగట్లో చిక్కీలకు నంబరే లేదు. "పొట్లాలు చించి సీసాలో పోసినా సార్. ఇప్పుడే ఇంటర్‌వెల్‌లో పిల్లోళ్లు కొనుక్కపోయిరి. రవ్వంత ముందు రాకూడదా?"

గోవర్ధన్ బడిలోకి పరుగెత్తాడు. ఏడుగురు అప్పటికే తినేశారు. వాళ్లను ఆసుపత్రికి పంపి, మిగిలిన చిక్కీల సీసాను పట్టుకెళ్లడానికి తిరిగొచ్చి, మూత బిగించసాగాడు.

"నీకూ బిడ్డలుండారా నాయనా?" అంది ఓబుళమ్మ, సార్ అనడం మరిచి.

"పాప. మూడేళ్లు."

"అయ్యో! ఆ బిడ్డ తినలేదు గదా?"

"లేదమ్మా" అన్నాడు. ఎప్పుడో బిగిసిన సీసా మూతను ఇంకా బిగిస్తూనే ఉన్నాడు.