ఏడు పుస్తకాల్లో నాలుగు వాక్యాలు

మా వారపత్రిక ఆగిపోయిన పదకొండు నెలల్లో ఏమేం పోయాయో ముందు చెబుతాను. నలభై ఏడు సంచికలు పోయాయి. ఎయిర్‌పోర్టు షిఫ్టు బస్సు వేళ మారిన సంగతి తెలియక మా వీధిలో నలుగురు ఆడవాళ్లకు ఒక్కో రోజు కూలి పోయింది. పశువుల టీకాల శిబిరం రెండుసార్లు వచ్చి వెళ్లినా పక్క ఊరికి తెలియలేదు. రోడ్డు వెడల్పుపై అభ్యంతరాలు చెప్పుకునే గడువు నోటీసు బోర్డు మీదే మొదలై బోర్డు మీదే ముగిసింది. ఇరవై ఆరు కుటుంబాలు ఆ అవకాశం పోగొట్టుకున్నాయి. వార్డు సభలు ఎనిమిది జరిగాయి. వాటిలో ఏం మాట్లాడారో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ దొరకలేదు.

ఈ లెక్క నేను ఇంటింటికీ తిరిగి రాసుకున్నది. శంషాబాద్ దాటాక ఒక గోదాములో సరుకు చూసుకుంటాను. చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం బస్తాలు ఎంచుతూ నేర్చుకున్నాను.

ఆ పత్రిక నాలుగు పేజీలది. వార్తలు రాసేది, అచ్చు వేయించేది, స్కూటీ మీద పంచేది ఒకే ఆవిడ. మా అందరికీ అక్క. ఒక వెంచర్‌లో వాన కాలువ పూడ్చి ప్లాట్లు చేశారని రాసినందుకు ప్లాట్ల ప్రకటనలన్నీ ఒకే వారంలో ఆగిపోయాయి. వాటితో పాటే పత్రికా ఆగింది.

దాన్ని మళ్లీ నిలబెట్టాలని ఏడు సంఘాలు అనుకున్నాయి: రెండు కాలనీలు, క్యాబ్ డ్రైవర్లు, మసీదు కమిటీ, పొదుపు మహిళలు, రైతులు, ప్లాట్ల యజమానులు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ సంఘమైనా తీర్మానం తన పుస్తకంలోనే రాసుకుని, అందులోనే సంతకాలు పెడుతుంది. వేరేవాళ్ల కాగితం మీద ఎవరూ పెట్టరు. అందుకని నాలుగు వాక్యాల నమూనా ఒకటి ఏడుగురికీ పంపాను. అక్కడే పొరపాటు చేశాను. ఇచ్చింది ఇచ్చినట్టు రాసుకునే సంఘం మా చుట్టుపక్కల ఒక్కటీ లేదు. పుస్తకాలు తిరిగి వచ్చేసరికి అన్నీ కలిపి ముప్పై ఒక్క రకాల వాక్యాలు తేలాయి.

ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. అన్ని పుస్తకాల్లోనూ ఉన్నవాటినే ఉమ్మడి మాటగా తీసుకుందామని చెప్పి, మిగతావి కొట్టేసిన పట్టిక గోడకు అంటించాను.

క్యాబ్ సంఘం అధ్యక్షుడు లేచాడు. "అరె భాయ్, మా పార్కింగ్ ముచ్చట ఏడ పోయింది? గాయబ్ చేసినవా?"

"మీ ఒక్క పుస్తకంలనే ఉంది భాయ్."

"మరి ఏడింటిల ఏమున్నయ్?"

చదివాను. ఇంటికో చందా కట్టాలి. మన ప్రాంతపు నోటీసులు ఈ పత్రికకూ ఇవ్వమని అందరం కలిసి అధికారులను అడగాలి. ప్రతి వార్డు సభకూ సంఘానికొకరు వెళ్లి అక్క పక్కన కూర్చోవాలి.

అక్క పట్టిక దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూసింది. "చందా కట్టినోళ్లు వార్త ఆపమని అడగొద్దు అన్నది ఏదీ, తమ్మీ?"

"ఆరు పుస్తకాలల్ల ఉందక్కా. ఏడోదాంట్ల లేదు."

"గట్లయితే నాకు పేపర్ వద్దు. ఒకసారి మూసిన, చాలు." సంచీ భుజానికి తగిలించుకుంది.

నా నియమమే ఆమెను బయటికి పంపుతోంది. ఏడో పుస్తకం ప్లాట్ల సంఘానిది. ప్రకటన ఆపినవాళ్లలో దాని అధ్యక్షుడూ ఒకడు. ఏం చేయాలో తోచక, పోయినవాటి లెక్క తీసి రోడ్డు గడువు పోగొట్టుకున్నవాళ్లను సంఘాలవారీగా చదివాను. ఇరవై ఆరు కుటుంబాల్లో పందొమ్మిది ఆయన సంఘానివే.

"మావోళ్లు పందొమ్మిది మందా? నాకెవ్వరూ చెప్పలే," అన్నాడాయన.

"చెప్పేదాన్ని మీరే బంద్ చేస్తిరి కద," అంది పొదుపు సంఘం పెద్దావిడ. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"రేపు మా మీదనే రాస్తే?" అని అక్కను అడిగాడు.

"రాస్తనన్నా. మీరు చెప్పేది గూడ దాని పక్కనే రాస్త."

ఆయన పుస్తకం తెరిచి, ఆ వాక్యాన్ని తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. నాలుగు వాక్యాలూ ఏడు పుస్తకాల్లోకీ ఎక్కాయి. గోదాములో ఎన్నో లెక్కలు సరిచూశాను గాని, ఆ రోజు ఆ ఏడు పుస్తకాలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు కలిగిన గర్వం మళ్లీ ఎరుగను.

పత్రిక తిరిగి వచ్చింది. మొదటి పేజీలో మా కాలనీయే! కుంట ఒడ్డున చెత్త పోస్తున్నామని, ఫోటోతో సహా. "చందా కట్టి మరీ తిట్టించుకునుడేంది?" అని మా ఆవిడ నన్ను కడిగేసింది. కాలనీలో గొణిగారు, తిట్టారు. కానీ అక్కకు ఫోన్ చేసి ఆపమన్నవాళ్లు ఒక్కరూ లేరు. నెల తిరక్కుండా చెత్త ఆగింది.

ఇప్పటికి తొమ్మిది వార్డు సభలు జరిగాయి. ఏడు సంఘాలకు అరవై మూడు కూర్చోవడాలు. యాభై ఎనిమిది జరిగాయి. ప్లాట్ల సంఘం ఒక్కటీ తప్పలేదు. మా కాలనీ తరఫున వెళ్లాల్సినవాణ్ని నేను, రెండు తప్పాను. ఒకసారి సరుకుతో షాద్‌నగర్‌లో ఉండిపోయాను. రెండోదానికి చెప్పుకోడానికి కారణం లేదు. మిగతావి మరో మూడు సంఘాలవి, ఒక్కొక్కటి. అందరం కలిసి ఈ రోజుకు అక్కకు బాకీ ఉన్నవి అయిదు.