రెండో తరం ఒంటికి మూడో తరం మొహం

కారు వెనక దీపాలు చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలగడం ఒక గొప్ప విద్య అని నేను గట్టిగా నమ్మిన రోజులున్నాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ చేతికొచ్చింది, దానితో ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఎల్‌బీ నగర్‌లో కార్ల అలంకరణ సామాను అమ్మే దుకాణంలో కొత్తగా చేరాను. సీటు కవర్లు, కాలికింద పట్టాలు, అద్దానికి వేలాడే బొమ్మలు అమ్మేవాణ్ణి. (ఇంట్లో అడిగినవాళ్ళకు ‘ఆటోమొబైల్ రంగం’ అని చెప్పేవాణ్ణి.) సాయంత్రాలు దుకాణం మెట్ల మీద కూర్చుని, విజయవాడ వైపు పోయే బండ్లలో ఒకే ఒక్క బండి కోసం చూసేవాణ్ణి. పేరు చెప్పను. చెబితే దాని భక్తులు ఇప్పటికీ కొందరున్నారు, నన్ను సరిదిద్దడానికి బయలుదేరతారు.

ఆ బండి మొదటి తరం, అంటే మొదటి మోడల్, నా స్కూలు రోజుల్లో నా కళ్ళ ముందే రోడ్డెక్కింది. నేలకు అంటుకున్నట్టు, సన్నగా, ఎప్పుడెప్పుడు పరిగెడదామా అన్నట్టు ఉండేది. అందులో కూర్చోవాలంటే పీట మీద కూర్చున్నట్టు కిందికి దిగాలి, కాస్త గట్టిగా తొక్కితే చాలు, ఇంజను గొంతెత్తి పాడేది. తరవాత రెండో తరం వచ్చింది. కప్పు పైకి లేచింది, నడుము వెడల్పయింది, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పట్టేవి, గొంతు మాత్రం పూర్తిగా తగ్గిపోయింది. పరుగుపందేలు గెలిచిన కుర్రాడికి పెళ్ళయి, పిల్లలు పుట్టి, రైతు బజారుకు సంచీ పట్టుకుని పోతున్నట్టు ఉండేది. కంపెనీవాళ్ళు కూడా నాలాగే బాధపడ్డారేమో, మూడో తరానికి మళ్ళీ యవ్వనం తెప్పించారు. ముక్కు బాణంలా ముందుకొచ్చింది, కళ్ళు ఏటవాలుగా సాగాయి. అది వీధిలోంచి పోతుంటే నేను అమ్ముతున్న సీటు కవరు పక్కన పడేసి లేచి నిలబడేవాణ్ణి.

మా నాన్నగారు కొన్నది రెండో తరం బండి, అదీ సెకండ్ హ్యాండ్. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. కాకినాడ దగ్గర నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నా ఆయన మాట మారలేదు, పద్ధతీ మారలేదు. బండి కొనేముందు ఆయన వేసిన ప్రశ్న ఒక్కటే: “మీ అమ్మ తల తగలకుండా ఎక్కగలదా?” మొదటి తరంలో తగిలింది, రెండో తరంలో తగల్లేదు. దాంతో నా యవ్వనం సంగతి తేలిపోయింది. పైగా అది వెండి రంగు. ఆ రోజుల్లో ఊళ్ళో సగం కార్లు వెండి రంగువే. నాన్నగారు మాత్రం మా బండిని దాని మొహం చూసి గుర్తుపట్టేవారు. కుడి దీపం అద్దం శుక్లం వచ్చిన కన్నులా పసుపెక్కింది. ముందు బంపరు మీద కోచింగ్ సెంటర్ గేటు గీసిన గీత ఒకటుంది, అచ్చం వర్గమూలం గుర్తులా. దాన్ని రంగు వేసి కప్పేద్దామంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. “ఉండనీరా, మనదని తెలుస్తుంది,” అనేవారు.

ఆ బండి తాళం నాకు ఏనాడూ ఇవ్వలేదు. లైసెన్సు వచ్చి రెండేళ్ళయినా, అడిగిన ప్రతిసారీ “చూద్దాం” అనేవారు. లెక్కల్లో చూద్దాం అంటే జవాబు రాదని అర్థం. అలాంటి మనిషి ఒకరోజు, బంధువుల పెళ్ళికి అమ్మను తీసుకుని కాకినాడ బయలుదేరుతూ, నా అరచేతిలో తాళం పెట్టి వేళ్ళు మూశారు. “నాలుగు రోజుల్లో నేను ముందొస్తాను. అమ్మ ఇంకో వారం ఉంటుంది. బస్సు ఎల్‌బీ నగర్‌లో దింపుతుంది, బండి తీసుకుని రా. ఎలా ఇచ్చానో అలాగే తీసుకురావాలి. తెస్తే ఇక అడగక్కర్లేదు, తాళం మేకుకే తగిలించి ఉంటుంది.” ఇంతకంటే స్పష్టంగా ఏ తండ్రీ చెప్పలేడు. నాకెందుకు అర్థం కాలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మా దుకాణం వెనక సందులో పానా మామ షెడ్డు ఉండేది. నల్గొండ వైపు మనిషి. చేతిలో ఎప్పుడూ పానా ఉండేది కనుక ఆ పేరు. పాత బండికి కొత్త తరం మొహం అతికించడంలో ఆయన్ని మించినవాడు లేడని చుట్టుపక్కల చెప్పుకునేవారు. నేను బండిని ఆయన ముందు ఆపి నా కల చెప్పాను. ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

“మూడో తరం మొకం పెడ్త. ఫైబర్ బంపర్, కొత్త లైట్లు, గ్రిల్లు. ఎనక లైట్లు గూడ మారుస్త. మీ నాయినొచ్చేదాంక అయితది, ఫికర్ జెయ్యకు తమ్మీ. ఆయన సూసి పరేషాన్ గావాలె.”

“సంతోషపడాలి మామా.”

“గదే, గదే. మరి పాత మొకం ఏం జెయ్యాలె?”

“నీ ఇష్టం మామా,” అన్నాను. ఆ రెండు ముక్కలే నా కొంప ముంచాయి.

నాలుగో రోజు పొద్దున్నే మెరిసిపోతున్న బండిని ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర టీ బండి ముందు ఆపాను. చక్రాల టోపీలు కొత్తవి, వెనక అద్దం మీద ఉన్న ‘శ్రీరామరక్ష’ కూడా తీసేశాను (మూడో తరానికి నప్పలేదనిపించింది). బస్సు ఇంకా రాలేదని టీ తాగడానికి వెళ్ళాను. గ్లాసు దించి తిరిగి చూసేసరికి నాన్నగారు దిగి ఉన్నారు. సంచీ, పూతరేకుల డబ్బా మా బండి బానెట్ మీదే పెట్టి, మెడ సాచి మా బండి కోసం వెతుకుతున్నారు.

“ఏరా, బండేదీ? ఇందాకణ్ణుంచి చూస్తున్నాను, మన మొహం ఒక్కటీ కనబడదే!”

నేను నోరు తెరిచాను. మూడు రోజులుగా అద్దం ముందు సాధన చేసిన వాక్యం నాలుక మీదే ఉంది. ఆయన ఆగలేదు. బానెట్ మీద అరచేత్తో కొట్టి, “ఇది చూశావా? ఒళ్ళు మన బండిది, మొహం కొత్త బండిది. ముసలాయనకు గోరింటాకు పెట్టినట్టు ఉంది. ఎవడో తలమాసినవాడు చేయించాడు. ఇలాంటి కొడుకును కన్న తండ్రి ఎవరో గానీ, పాపం!” అన్నారు.

నోరు మూసేశాను. “మరి మన బండి?” అని అడిగారు. “సర్వీసుకిచ్చానండీ,” అన్నాను. ఆయన సంచీ తీసుకుని, పరాయివాళ్ళ బండి కదా అని, డబ్బా పెట్టినచోట అంటిన దుమ్మును కండువాతో తుడిచి మరీ ఆటో పిలిచారు. సొంత కారును చౌరస్తాలో వదిలేసి, తండ్రీ కొడుకులం ఆటోలో ఇంటికి వచ్చాం. దారంతా ఆయన పెళ్ళి భోజనాల గురించి చెప్పారు. నాకు ఒక్క కూరా వినబడలేదు.

ఆయన స్నానానికి వెళ్ళగానే పరుగున పానా మామ దగ్గరికి పోయాను. “మామా, పాత మొహం మళ్ళీ పెట్టెయ్, సాయంత్రంలోగా,” అన్నాను.

“యాడ పెట్టాలె? అది వొయ్యింది గద.”

“పోవడమేంటి?”

“హయత్‌నగర్ బత్తాయిల సేటు లేడూ, ఆయన బండిది గూడ గిదే తరం, గిదే రంగు. డివైడర్‌కు గుద్ది ముంగటంత పచ్చడి జేస్కుండు. సామాన్ దొర్కక వారం సంది తిరుగుతుండు. నిన్ననే బిగిచ్చిన. నువ్వే అంటివి గద, నీ ఇష్టమని!”

ఆ సేటును ఎలా బతిమాలాలి, ఏం చెప్పి మొహం వెనక్కి తేవాలి అని ఇద్దరం సాయంత్రం దాకా తలలు పట్టుకున్నాం. దుకాణంలో ఫోను మోగింది. నాన్నగారు, ఎస్టీడీ బూత్ నుంచి. ఆయన గొంతులో విజయం మోగుతోంది. “ఒరేయ్, సర్వీసుకిచ్చిన బండిని వాళ్ళు ఊరేగిస్తున్నార్రా! గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ముందు పట్టుకున్నాను. ఎక్కినవాడు కూడా దొరికాడు. వెంటనే రా.”

వెళ్ళడానికి చేతిలో ఉన్న బండి ఒక్కటే. దానిలోనే వెళ్ళాం, నేనూ పానా మామా.

మార్కెట్ గేటు ముందు గుంపు. మధ్యలో నాన్నగారు, ఒక చేతిలో ఇంట్లో దాచుకున్న రెండో తాళంతో, ఇంకో చెయ్యి బంపరు మీంచి తియ్యకుండా నిలబడి ఉన్నారు. ఎదురుగా తెల్ల చొక్కా మనిషి, చంకలో బత్తాయిల సంచీ. ఆయనే సేటు.

“నా బండి తలుపుల నీ తాళం పెడ్తవేంది సారూ? జర సమజ్ జేస్కో. గిది నా బండి.”

“ఏవండీ, తాళం కూడా మార్చేశారు మీరు. ఈ గీత చూడండి. వర్గమూలం గుర్తు. మా గేటు గీసింది. ఈ భూమ్మీద ఇంకే బండికీ ఇది ఉండదు.”

“మొకం మొన్నటిదాంక నీదేమో సారూ, పెయ్యి మాత్రం మొదటి సంది నాదే!”

గుంపులోంచి ఎవరో పెద్దమనిషి న్యాయం చెప్పాడు. “గిదంత ఎందుకు సారూ, మీ బండి నంబరెంతో చెప్పుండ్రి, ఒడిసిపోతది.”

నాన్నగారు నోరు తెరిచి, ఆగిపోయారు. సంవర్గమానాల పట్టిక చూడకుండా చెప్పే మనిషి. వందలమంది పిల్లల హాల్ టికెట్ నంబర్లు నోటికొచ్చిన మనిషి. “నంబరు... నేనెప్పుడూ చూళ్ళేదండీ. మొహం చూసి ఎక్కేస్తాను,” అన్నారు. గుంపులో నవ్వులు లేచాయి. ఆయన బంపరు మీది గీతను ఇంకోసారి తడిమి, సేటు బండి లోపలికి తొంగి చూసి, సీట్ల రంగు వేరుగా ఉండడం గమనించారు. భుజాలు కిందికి దిగాయి. నన్ను చూసి, చాలా నెమ్మదిగా, “ఏమోరా, నాకే మతి తప్పుతోందేమో. పొద్దున్న కూడా మన బండి కనబడలేదు నాకు,” అన్నారు.

అప్పటిదాకా నా భయమంతా తాళం పోతుందనే. ఆ మాట విన్నాక తాళం సంగతే మరిచిపోయాను. మా నాన్నగారు తనను తాను అనుమానించుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఏడుపొచ్చింది. అంతమందిలో, “మీకేం కాలేదండీ, తప్పు నాదే. ఆ మొహం మనదే, అమ్మించింది నేనే. మన బండి అదిగో,” అని వెనక నిలబడ్డ మూడో తరం ముక్కును చూపించాను.

ఆయన దాని దగ్గరికి నడిచారు. ముందు, పక్క, వెనక చూశారు. తలుపు తీసి కూర్చున్నారు. చేత్తో వెతికి, గేరు పక్క గూట్లోంచి రెండు సుద్దముక్కలు తీశారు. అవి ఆయనవే. అద్దంలోంచి నా వైపు చూశారు.

“పొద్దున్న, ఇలాంటి కొడుకును కన్న తండ్రి ఎవరో పాపం అన్నాను కదూ?”

“అవునండీ.”

“నేనేనన్నమాట.”

ముందు సేటు నవ్వాడు, తరవాత పానా మామ నవ్వాడు, చివరికి నాన్నగారు కూడా నవ్వారు. నేను మాత్రం ఇంకా ముక్కు తుడుచుకుంటున్నాను. సేటు మంచి మనిషి. “మొకం కావాల్నంటే రేపే ఇప్పిస్త సారూ,” అన్నాడు. నాన్నగారు ఆ పాత దీపం వైపు ఒకసారి చూసి, “వద్దులెండి. పొద్దున్నే సరుకుకు తిరిగే బండి మీది. ఆ గీత ఒక్కటీ చెరపకండి,” అన్నారు. సేటు సంచీలోంచి నాలుగు బత్తాయిలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాన్నగారు రెండో చెయ్యి నా వైపు చాపారు. నేను తాళం అందులో పెట్టాను.

ఏడాది దాకా ఆ తాళం మేకు మీద కనబడలేదు. ‘కొత్త మోడలా మాస్టారూ?’ అని ఎవరైనా అడిగితే, “కాదండీ, పాతదే. మావాడి పనితనం,” అని ఆయన చెప్పడం మాత్రం నేను రెండుసార్లు విన్నాను. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో ఆయన గొంతును బట్టి తేల్చుకోలేకపోయాను. ఒక ఉదయం నిద్ర లేచేసరికి మేకుకు తాళం వేలాడుతోంది. దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద ఆయన గుండ్రని చేతిరాతలో బండి నంబరు ఉంది.

ఆ తరవాత ఆ కారు ఇంకా రెండు తరాలు మారింది. నాలుగో తరానికి ఒళ్ళు వచ్చింది, ఐదో తరానికి బుద్ధి వచ్చింది. ఇప్పుడు నా దగ్గరున్నది ఐదోదే. రోడ్డు మీది గీత దాటితే స్టీరింగు వణుకుతుంది, ముందు బండి దగ్గరైతే అదే బ్రేకు వేస్తుంది. నాకూ మెట్రో స్తంభాల కింద వేగం నలభై దాటించాలని అనిపించడం లేదు, నడుము కూడా రెండో తరం కొలతలకు వచ్చింది. నాన్నగారు పక్కన కూర్చుంటారు. దిగిన ప్రతిచోటా జేబు పుస్తకంలో బండి నంబరూ, నిలిపిన చోటూ రాసుకుంటారు.

మొన్న మా అమ్మాయికి లైసెన్సు వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో స్నేహితురాలి ఇంటికి బండి తీసుకెళ్తానంది. చూద్దాం అన్నాను. నాన్నగారు పేపరు దించి, కళ్ళజోడు మీదుగా నా వైపు ఒక్క చూపు చూశారు. సరే, జేబులోంచి ఆ నల్ల బిళ్ళ తీశాను. తాళం కన్నంలో పెట్టక్కర్లేదు, అది దగ్గరుంటే చాలు, బండి కదులుతుంది.

“దీన్ని చేతిలో పెట్టి వేళ్ళు ముయ్యి,” అన్నారు నాన్నగారు. “లేకపోతే ఇచ్చినట్టుండదు.”

మూశాను. “ఎలా ఇచ్చానో అలాగే తీసుకురావాలి,” అన్నాను. మా అమ్మాయి “ఏమైపోతుంది నాన్నా!” అని నవ్వి మెట్లు దిగింది. చెప్పులేసుకుంటోంది కదా అని నేను వెనక మెట్ల మీదుగా గబగబా కిందికి వెళ్ళి, ఎందుకైనా మంచిదని, బండి మొహాన్ని ఒక ఫొటో తీసి పెట్టుకున్నాను.