తవ్వెడు బియ్యం ఎన్ని గ్రాములు

మా వదిన మీద నాకు ఇంకా కోపం పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

వదిన అంటే మా ఆయన అక్క. సిరిసిల్లలో ఉంటుంది. అరిసెలకు ఆమెదే పేరు. నేను కోరుట్ల నుంచి జగిత్యాలకు కోడలిగా వచ్చిన కొత్తలో, మా చిన్న ఆడబిడ్డ సీమంతానికి అరిసెలు చేసే పని నా మీద పడింది. వదినకు ఫోన్ చేసి కొలత అడిగాను.

"నాలుగు తవ్వల బియ్యానికి కిలోన్నర బెల్లం. బియ్యం నానినంక కొలువు పిల్లా, ముందుగాల కొలిస్తే రాళ్లయితయి" అంది.

నానితే బియ్యం ఉబ్బుతాయి. తవ్వలో అసలు బియ్యం తక్కువ పడతాయి, బెల్లం మాత్రం తగ్గదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పుడు తెలియదు. పాకం ఎక్కువై, ప్రతి అరిసె కడాయిలో వేయగానే విచ్చిపోయి నూనె అడుగున మడ్డిలా చేరింది. వదిన వచ్చి తొంగిచూసింది.

"కోరుట్లల అరిసెలు గంటెతోని తింటరా ఏంది?"

చుట్టాలందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య మా అమ్మ తల దించుకుని కూర్చుంది. నన్నొక్కదాన్నే అని ఉంటే మరచిపోయేదాన్నేమో.

తర్వాత కాంటా కొన్నాను. ఉప్పు తప్ప అన్నీ తూచే వండాను. వదిన నన్ను కిరాణం షాపు అని పిలిచేది. పిలవనిచ్చాను.

ఆమె బిడ్డ పెళ్లికి సాయంగా సిరిసిల్ల వెళితే కాంటా కూడా నా సంచిలో వచ్చింది. అక్కడ కళ్లారా చూశాను. వదిన తన ఇత్తడి తవ్వతో పొడి బియ్యాన్నే కొప్పుగా కొలిచి, ఆ తర్వాత నీళ్లు పోసింది.

"నానినంక కొలువుమంటివి గదా వదినా?"

"ఒకపారి చెడగొట్టుకుంటేనే పని అస్తది" అని నవ్వింది.

అంటే తెలిసే చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె స్నానానికి పోగానే ఆ తవ్వను పొడి బియ్యంతో కొప్పుగా నింపి, ఆ బియ్యాన్ని తూచాను. ఐదువందల ఇరవై గ్రాములు.

మొన్న వదినే ఫోన్ చేసింది. గొంతు మెత్తగా ఉంది. గంటెతో తినే ఆ కోరుట్లకే బిడ్డనిచ్చింది మరి.

"అత్తగారింట్ల రేపు అరిసెలు జెయ్యాల్నట. ఆడ తవ్వ లేదు, కాంటా ఉన్నదట. కిలోలల్ల చెప్పుమంటున్నది. నాకేమెరుక? నువ్వు మా తవ్వ తూసినవని తమ్ముడు చెప్పిండు."

నానినంక తూయమను అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల అత్తగారింట్లో, అందరి ముందు, ఆ కడాయి. ఊహించుకుంటే హాయిగానే ఉంది. కానీ ఆ పిల్ల నన్నేమీ అనలేదు. నాకు కావలసింది తల్లి.

"రెండు కిలోల ఎనభై గ్రాముల బియ్యం. కిలోన్నర బెల్లం" అన్నాను.

"బతికించినవ్ పిల్లా."

"ఇంకోటి వదినా. నానకముందు తూయాల్నా, నానినంక తూయాల్నా అని నీ బిడ్డ అడుగుతది. అప్పుడు నాకేం చెప్పినవో గదే చెప్పు."

అటువైపు మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ రోజు మా అమ్మ ఎంతసేపు తల దించుకుందో అంతసేపూ ఆమె అలా ఉండాలని, వింటూ కూర్చున్నాను.