అన్న బొగ్గు వేసిన ఇంజను

రైలు దిగాక తల దువ్వుకుంటే రాలే బొగ్గు నుసి మన ఈడు వాళ్ళకు గుర్తుందా?

ఎన్నో ఏళ్ళు నేల కింద నడిచిన మెట్రో రైలుకు జనం వీడ్కోలు చెబుతున్న వీడియో పొద్దున మనవరాలు చూపించింది. నాకు రేణిగుంట షెడ్డు కళ్ళముందు నిలిచింది. అక్కడ నాయన డ్రైవరు. ఒక ఇంజను షెడ్డుకు కొత్తగా వచ్చిన రోజు నుంచీ దాన్నే నడిపాడు. అందులో బొగ్గు వేసేది మా అన్న.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ఇంజనును ఓడలో పరాయి దేశానికి పంపమని ఉత్తర్వు వచ్చింది. తోడుగా మనుషులూ కావాలన్నారు.

"నేను పోతా నాయనా. దాని గుణం మనకే కదా తెలిసేది," అన్నాడు అన్న.

అమ్మ వద్దని ఏడ్చింది. "పోనీలే, ఇంజన్ని బాగా సూసుకుంటాడు," అన్నాడు నాయన.

ఏడాదికి, అన్న అక్కడే జ్వరంతో పోయాడని జాబు వచ్చింది.

యుద్ధం ముగిశాక షెడ్డు మనిషి ఇంటికొచ్చాడు. "నీ ఇంజను తిరిగొచ్చిండాదప్పా, సూద్దువు రా!"

నాయన లేవలేదు. అమ్మే నా చెయ్యి పట్టుకొని వెళ్ళింది. ఇంజనెక్కి, అన్న నిలబడే చోట కూర్చుని, ఆ ఇనుప నేలను చీర చెంగుతో తుడుస్తూ ఉండిపోయింది.